పిలుపు వేళకు పదిహేడో నంబరు ఎక్కడుంది?

న్యాయం సామాన్యుడికి అందడం లేదని ఇంకా ఎవరైనా అంటున్నారంటే వాళ్లు ఈమధ్య మా కోర్టులకు రాలేదన్నమాట. అందుతోంది! పద్నాలుగు పేజీల్లో, నలభై రెండు ప్రశ్నలుగా, ప్రతి ప్రశ్న కింద ఒకటి నుంచి అయిదు దాకా గడులతో అందుతోంది. పుచ్చుకునే తీరిక సామాన్యుడికి లేకపోతే అది న్యాయం తప్పా?

కోర్టు వరండాలో ప్రశ్నపత్రం పట్టుకుని తిరిగే లా విద్యార్థి ఈ కాలం మనకిచ్చిన వరం. ఈ మాట ఆషామాషీగా అనడం లేదు. ఇరవై ఆరేళ్లుగా తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టుల వార్తలు రాస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆ మూడింటిలో ఎక్కడ జరిగిందో మాత్రం అడక్కండి. ఒక ఊరి పేరు రాస్తే ఆ ఊరివాళ్లకు కోపం వస్తుంది. మా దగ్గర ఇంతకన్నా గొప్పవి జరుగుతుంటే ఆ ఊరే దొరికిందా అని మిగతా రెండు ఊళ్లవాళ్లకు ఇంకా కోపం వస్తుంది.

ముందు లాభాలు చూద్దాం.

కోర్టుకు వచ్చిన కక్షిదారుని పలకరించేది ఎవరు? ప్లీడరు గారు ఫైలుని పలకరిస్తారు. గుమాస్తా తేదీ చెప్పి వెళ్లిపోతాడు. జడ్జిగారు పలకరించే ఘట్టం వచ్చేసరికి కక్షిదారు పోయి ఆయన కొడుకు ఆ చోట నిలబడి ఉంటాడు. అలాంటి మనిషి దగ్గరికి ఒక పిల్ల వచ్చి, "ఇక్కడ మీకు తాగడానికి నీళ్లు దొరుకుతున్నాయాండీ?" అని అడిగితే ప్రాణం ఎలా ఉంటుంది? నీళ్లు దొరకనక్కర్లేదు. అడిగారు, చాలదూ!

గడిచిన రెండేళ్లలో ఆ కోర్టుకు నాలుగు బృందాలు వచ్చాయి. మొదటిది నీళ్ల గురించి అడిగింది. రెండోది బల్లలు లెక్కపెట్టింది. మూడున్నాయి. చాలవని రిపోర్టు రాశారు. మరుసటి నెలలో బల్లల మీద ఒకటి, రెండు, మూడు అని తెల్ల రంగుతో అంకెలు పడ్డాయి. ఇప్పుడు కూర్చోవడానికి చోటు లేకపోయినా ఏ నంబరు బల్ల మీద లేదో చెప్పగలం. ఇది అభివృద్ధి కాదా?

మూడో బృందం మరుగుదొడ్డి ఉందా అని అడిగింది. ఉంది. దానికి తాళం కూడా ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదానికి ఫారంలో గడి లేదు. అందుకని 'ఉంది' దగ్గర టిక్కు పడింది.

ఈ పరిశోధనల వల్ల బాగుపడ్డ మనిషిని చూడాలంటే అబ్దుల్ రజాక్ గారిని చూడండి. టైలరు. తన ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న గోడ ఎవరిదన్న కేసు మీద 2011 నుంచి వస్తున్నారు. నాలుగు బృందాలూ మొదట పట్టుకున్నది ఆయన్నే. విద్యార్థి పెన్ను మూత తీసేలోపు, "వయసు అరవై నాలుగు, చదువు ఎనిమిది, సొంతిల్లు, గోడ తప్ప" అని చెప్పేస్తారు.

నాలుగో బృందం మొదటిసారి వచ్చిన రోజున ఆయన ఫారం తీసుకుని తిరగేశారు.

"తొమ్మిదో ప్రశ్నా ఇరవై మూడో ప్రశ్నా ఒకటేనమ్మా. పోయినేడు వచ్చిన పిల్లలూ ఇదే తప్పు చేశారు."

"తప్పు కాదండీ, కావాలనే పెట్టాం. మీరు రెండుచోట్లా ఒకటే చెబుతారో లేదో చూడ్డానికి."

"పద్నాలుగేళ్లుగా ఒకటే చెబుతున్నాను తల్లీ. ఇంకా చూస్తూనే ఉన్నారు."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ మాట కూడా రాసుకుంది. పేరు సాయిసుధ. లా నాలుగో సంవత్సరం. ఏ కాలేజీయో వదిలేద్దాం. ఆమె వెంట మరో ఇద్దరున్నారు. స్థానిక కోర్టుల్లో సివిల్ న్యాయం జనానికి ఎంతవరకు అందుతోందన్నది వాళ్ల పరిశోధన. నేను చూసిన నాలుగు బృందాల్లోకి పని తెలిసిన బృందం ఇదే. మిగతావాళ్లు గంటలో ఇరవై ఫారాలు నింపుకుని బజ్జీల బండి దగ్గరికి వెళ్లేవాళ్లు. సాయిసుధ ఒక్కో మనిషికి ముప్పావుగంట కేటాయించేది. మధ్యలో వదిలేది కాదు. ప్రతి పేజీ పక్కన టైము వేసేది.

అసలు గొడవంతా పని తెలియడంవల్లే వచ్చింది.

ఇప్పుడు బసవమ్మ గురించి చెప్పాలి. ఆవిడ ఊరు చెబితే కోర్టు ఏదో తెలిసిపోతుంది. ఒక ఆటో, ఒక బస్సు, మళ్లీ కొంత నడక అనుకోండి. యాభై ఎనిమిదేళ్లు. ఎనభై సెంట్ల మాగాణి. భర్త లేడు. కాలవ నుంచి ఆ పొలం చెక్కకు నీళ్లు వచ్చేది ఒక్క బోదె ద్వారానే. బోదె అంటే అరమీటరు వెడల్పున్న పిల్లకాలవ. అది మోహనకృష్ణ అనే రైతు పొలం గట్టు వెంట వస్తుంది. ఆరేళ్ల కిందట మోహనకృష్ణ, ఆ గట్టు తనదేననీ బోదె పూడ్చేస్తాననీ అన్నాడు. బసవమ్మ కోర్టుకొచ్చింది. కేసు తేలేదాకా బోదె జోలికి వెళ్లవద్దని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితం మీదే ఆరేళ్లుగా ఆవిడ పొలానికి నీళ్లు పారుతున్నాయి.

ఆరేళ్లలో యాభై మూడు వాయిదాలు. ఈ లెక్క నాది కాదు, ఆవిడదే. చేతిసంచిలో ఆరు పాత క్యాలెండర్లుంటాయి. వాయిదా పడ్డ ప్రతి తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. యాభై మూడింటికీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వరండాలో రెండో స్తంభం దగ్గర నిలబడుతుంది. కూర్చోదు. టీకి వెళ్లదు. ఎందుకంటే అటెండరు అంద్రెయ గుమ్మంలోకి వచ్చి పేర్లు పిలిస్తే ఆ పిలుపు స్పష్టంగా వినిపించేది ఆ స్తంభం దాకానే. అది దాటితే ఫ్యాన్ల మోత, జిరాక్సు మిషను, బైటి రోడ్డు. మూడుసార్లు పిలవడం రివాజు. అంద్రెయ ఆ మూడూ ఒక్క ఊపిరిలో పిలుస్తాడు. రోజుకు డెబ్బై కేసులు పిలవాలి. ఆయనకు మాత్రం ఊపిరితిత్తులు రెండేగా!

జూన్‌లో యాభై నాలుగో వాయిదా. ఒక మంగళవారం. బసవమ్మ సాక్ష్యం చెప్పే రోజు. ఆరేళ్లకు ఆవిడ నోరు విప్పే రోజు. ఉతికిన చీర కట్టుకుని ఉదయం తొమ్మిదిన్నరకే స్తంభం దగ్గర నిలబడింది. పదకొండూ పదికి సాయిసుధ వచ్చింది.

"అమ్మా, ముప్పావుగంట మాట్లాడొచ్చా?"

"మాట్లాడమ్మా. ఇక్కడే అడుగు. నేనిక్కణ్ణుంచి కదలను."

"ఇక్కడ కుదరదమ్మా. మీరు చెప్పేది వేరేవాళ్లు వినకూడదు. అది మా రూలు."

"వింటే ఏంటమ్మా? నా బోదె సంగతి మా ఊరంతటికీ తెలుసు."

"మీ మంచికేనమ్మా. మీరేం చెప్పినా మీ పేరు ఎక్కడా రాదు."

ఇది సాయిసుధ సొంతంగా పెట్టిన నిబంధన కాదు. కాలేజీలో నైతిక నియమాల కమిటీ ఉంది. ఇతరులకు వినిపించని ప్రదేశంలోనే ఇంటర్వ్యూ చేయాలని అది రాసిపెట్టింది. ఎంత ముందుచూపు! ఇతరుల మాట బసవమ్మకు వినిపించాలా అన్నది మాత్రం కమిటీ పరిశీలనకు రాలేదు.

ముసలావిడ వెంటనే ఒప్పుకోలేదు. ప్లీడరు పూర్ణచంద్రరావు గారి గుమాస్తాను అడిగింది. "వెళ్లిరా పిన్నీ, మన నంబరు పన్నెండున్నరకి గానీ రాదు. వస్తే నేను కేకేస్తా," అన్నాడు. ప్లీడరు గారు ఆ వేళకు ఇంకో ఊరి కోర్టులో ఉన్నారు. ఒకే పూట రెండు ఊళ్లలో ఉండటం మా వైపు ప్లీడర్లకు అలవాటే.

సైకిల్ స్టాండు వెనక సిమెంటు చప్టా మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎవరికీ ఏమీ వినిపించదు. బసవమ్మ పేరు రాయకుండా '17' అని రాసి, అంగీకారపత్రం మీద వేలిముద్ర తీసుకున్నారు. ఆవిడ క్యాలెండర్లు తీసి ఒక్కో సున్నా కథా చెప్పడం మొదలుపెట్టింది. చెప్పమన్నవాళ్లు ఆరేళ్లలో వీళ్లే.

పై కేసులు వరసగా వాయిదాపడ్డాయి. ఒకరికి కౌంటరు సిద్ధంకాలేదు, ఒకరి ప్లీడరు పెళ్లికి వెళ్లారు. దాంతో బసవమ్మ నంబరు ముందుకొచ్చింది. పదకొండు యాభై రెండుకి అంద్రెయ గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. మూడుసార్లు. ఎవరూ పలకలేదు.

కేకేస్తానన్న గుమాస్తా ఏమయ్యాడంటారా? బృందంలోని రెండో విద్యార్థి ఆయన్ను జిరాక్సు షాపు వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. కోర్టు సిబ్బందితో, గుమాస్తాలతో విడిగా మాట్లాడాలన్నది వాళ్ల ప్రణాళికలో రెండో భాగం.

పిలిచినా వాది లేదు, వాది తరఫున ఎవరూ లేరు. కేసు కొట్టేశారు. చట్ట ప్రకారమే. దాంతోపాటు మధ్యంతర ఉత్తర్వూ పోయింది.

తర్వాత ఆ ఫారం చూశాను. నంబరు దగ్గర బొటనవేలు అడ్డం పెట్టి మరీ చూపించింది సాయిసుధ. ముప్పై ఒకటో ప్రశ్న పక్కన టైము వేసి ఉంది: 11.52. ప్రశ్న ఇది. "ఈ కోర్టులో మీ మాట వింటారన్న నమ్మకం మీకు ఎంత ఉంది?" బసవమ్మ అయిదుకి అయిదు వేయించింది.

గురువారం పొద్దున మోహనకృష్ణ రెండు ట్రాక్టర్ల మట్టి తోలించి బోదె పూడ్చాడు. కాలవలకు నీళ్లు వదిలి అప్పటికి పది రోజులు. బసవమ్మ నారుమడి పోసి తొమ్మిది రోజులు.

పాఠకులు కంగారు పడనక్కర్లేదు. మన చట్టంలో అన్నిటికీ మందుంది. కొట్టేసిన కేసును మళ్లీ తెరవమని ముప్పై రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ రోజు ఎందుకు రాలేదో ప్రమాణపత్రంలో చెప్పాలి. పూర్ణచంద్రరావు గారి కంప్యూటర్లో అది తయారుగానే ఉంటుంది. పేరూ తేదీ మారిస్తే సరి. వాయిదాకు రానివాళ్లందరికీ వచ్చేది వైరల్ జ్వరమే. కాలు విరిగినవాళ్లకూ జ్వరమే, పెళ్లికెళ్లినవాళ్లకూ జ్వరమే. ఈ ప్రమాణపత్రాలన్నీ కలిపి చూస్తే కృష్ణా డెల్టాను ఎప్పుడో ఖాళీ చేయించి ఉండాల్సింది.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యి పిన్నీ," అన్నాడు గుమాస్తా.

"ఏం రాశారండీ అందులో?"

"జొరమొచ్చి రాలేకపోయావని."

బసవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు జొరమేంటయ్యా? నేనొచ్చాను. యాభై నాలుగుసార్లూ వచ్చాను. రాలేదని నేనే వేలిముద్ర వేస్తే ఇంక నా మాట నమ్మేదెవరు?"

"అందరూ ఇట్టాగే రాస్తారమ్మా," అన్నారు ప్లీడరు గారు. "జడ్జిగారికీ తెలుసు. జ్వరమైతే ఒక్క వాయిదాలో అయిపోతుంది. నిజం రాస్తే రుజువు చెయ్యాలి."

"చేద్దామండీ. ఆ పిల్ల ఉందిగా."

ఆ పిల్ల ఉంది. కేసు పోయిన సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అన్నం సరిగా తినలేదని ఆమె స్నేహితులు చెప్పారు. తను ప్రమాణపత్రం ఇస్తానని సాయిసుధ అదే రోజు కాలేజీలో చెప్పింది. నైతిక నియమాల కమిటీ అడ్డుపడింది. పదిహేడో నంబరు వ్యక్తి ఎవరన్నది బయటపెట్టకూడదు. ఆ హామీ ఇచ్చాకే ఇంటర్వ్యూ తీసుకున్నారు. "నా పేరు బయటపెట్టండి" అని బసవమ్మ స్వయంగా వచ్చి అడిగింది. ఆ అడిగినావిడే పదిహేడో నంబరని నిర్ధారించాలంటే నంబరు బయటపెట్టాలి. అది కుదరదు. పోనీ నిబంధన సడలించమంటే కమిటీ సమావేశమవ్వాలి. మొదటి సమావేశానికి సభ్యులు చాలలేదు. వాయిదా వేశారు. రెండోదానికి అధ్యక్షుడు రాలేదు. జ్వరమట.

ఇంకెవరైనా సాక్షి ఉన్నారా అంటే, అంద్రెయ పిలిచాడే తప్ప పిలిచిన మనిషి ఎక్కడుందో చూడలేదు. రజాక్ గారు ఆ పూట రాలేదు, ఆయన గోడకు వేరే తేదీ. గుమాస్తా ఉన్నాడు గానీ, కేకేస్తానని చెప్పి వెయ్యలేదని గుమాస్తా చేత రాయిస్తే ప్లీడరు గారి కింద ఇంకెవరు పనిచేస్తారు?

సాక్షి లేడు కనుక జ్వరమే గతి అని అందరూ ఒప్పుకున్నారు, బసవమ్మ తప్ప. ఆవిడ నా వైపు తిరిగింది. నేను ప్లీడరు గారి గదిలో మూల కుర్చీలో కూర్చుని ఇదంతా రాసుకుంటున్నాను.

"నువ్వున్నావుగా బాబూ, ఆ రోజు స్తంభం దగ్గర?"

ఇక్కడిదాకా చదివినవాళ్లలో కొందరికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. అంద్రెయ పిలిచింది సరిగ్గా పదకొండు యాభై రెండుకని నాకెలా తెలుసు? వచ్చిన అనుమానం సరైందే. నేను రెండో స్తంభానికి ఇవతల, మూడో నంబరు బల్ల మీద ఉన్నాను. బసవమ్మ ఆ పిల్ల వెంట వెళ్లడం చూశాను. పిలుపు విన్నాను. మూడూ విన్నాను. గడియారం చూసి టైము నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కేసు నంబరు కూడా రాసుకున్నాను. స్తంభం నుంచి సైకిల్ స్టాండు వెనక చప్టాకు నూట పద్దెనిమిది అడుగులు. తర్వాత నడిచి కొలిచాను. తర్వాత!

నేనెందుకు లేవలేదంటే నాకూ నిబంధనలున్నాయి. విలేకరి చూసింది రాయాలి, జరిగేదాంట్లో వేలు పెట్టకూడదు. ఇరవై ఆరేళ్లుగా అదే పాటించాను. పైగా ఎవరో ఒకరు వెళ్లి చెబుతారనుకున్నాను. వరండాలో నలభై మంది ఉన్నారు. ఆ నలభై మందీ అదే అనుకున్నారు.

"ఉన్నానమ్మా," అన్నాను.

"మరి ఆ ముక్క రాసియ్యి. నిన్నేమీ అననులే."

పూర్ణచంద్రరావు గారు కుర్చీ ముందుకు జరిపారు. "మీరు రాసిస్తే కేసు నిలబడుతుందండీ. కాకపోతే అవతలి ప్లీడరు అడుగుతాడు, పిలుపు విన్నవాడివి ఆవిడకెందుకు చెప్పలేదని. దానికేం రాద్దాం?"

"మీరే చెప్పండి."

ఆయన కంప్యూటరు వైపు తిరిగారు. "జ్వరమని రాద్దామా?"

వద్దన్నాను. ఉన్నదే రాశాను. ఎందుకు లేవలేదన్న చోట రెండు వాక్యాలు రాసి కొట్టేసి, 'లేవలేదు' అని ఒక్క మాట ఉంచాను. సాయిసుధ కూడా కమిటీ మూడో సమావేశం దాకా ఆగలేదు. తన పేరుతో, తన సంతకంతో ఇంకో ప్రమాణపత్రం ఇచ్చింది. ఆమె పరిశోధనకు మార్కులు ఇవ్వాలా వద్దా అన్నది ఇప్పుడు కమిటీ ముందుంది.

రిపోర్టు మాత్రం వచ్చేసింది. మిగతా ఇద్దరూ పూర్తిచేశారు. బైండింగ్ బాగుంది. పదిహేడో నంబరు గురించి ఒక వాక్యముంది: "కోర్టు ఆవరణలోనే ఉన్నప్పటికీ పిలుపు అందుకోలేకపోయారు, కారణాలపై మరింత పరిశోధన అవసరం." కోర్టుపై నమ్మకం విభాగంలో సగటు మార్కు పెరిగింది. పదిహేడో నంబరు ఇచ్చిన అయిదు అందులో కలిసింది.

ఇంతా చెప్పి పిల్లల మీద నేరం మోపుతున్నానని అనుకోకండి. పిల్లలు ఆవిడను ముప్పావుగంట కూర్చోబెట్టి విన్నారు. వాళ్లు రాకపోతే అదీ లేదు. ఆరేళ్లలో యాభై మూడుసార్లు బసవమ్మ కోర్టు కోసం ఆగింది. కోర్టు బసవమ్మ కోసం ఒక్కసారి, ఒక ఊపిరి మేర ఆగింది. దీన్ని ఏ గడిలో వేయాలి? ఒకటి నుంచి అయిదు దాకా వెతికాను. నాకు దొరకలేదు.

దరఖాస్తు మొదటి వాయిదాకు మోహనకృష్ణ ప్లీడరు కౌంటరు వేయడానికి గడువు అడిగారు. ఇచ్చారు. ఆగస్టు రెండో వారం దాకా. నారు ముదిరిపోతోంది. బసవమ్మ కాలవ నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి మడి తడుపుతోంది. ఆ నెల దాటితే నాటినా లాభం లేదని అక్కడివాళ్లెవరిని అడిగినా చెబుతారు.

ఆగస్టు వాయిదా రోజున తొమ్మిదిన్నరకల్లా రెండో స్తంభం దగ్గర బసవమ్మ, సాయిసుధ, నేను నిలబడ్డాం. పదకొండు దాటాక అయిదో బృందం దిగింది. షబ్నం అనే అమ్మాయి ఫారం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ముప్పావుగంట మాట్లాడొచ్చా? కొంచెం పక్కకి వెళ్దామా?"

"పక్కకి రానమ్మా. ఇక్కడే అడుగు. ముందు నా పేరు రాసుకో."

"పేరు రాయకూడదమ్మా, రూలు."

"మీ రూలు నాకు తెలుసులే. రాసుకో. బసవమ్మ."

షబ్నం సాయిసుధ వైపు చూసింది. సాయిసుధ తన పెన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

అప్పుడే అంద్రెయ గుమ్మంలోకి వచ్చి ఊపిరి పీల్చాడు. "బసవమ్మ" అని మొదటి పిలుపు ఆయన పిలిచాడు. రెండోది నేను పిలిచాను, నూట పద్దెనిమిది అడుగుల అవతలికి వినిపించేట్టు. మనిషి నా పక్కనే ఉందన్న సంగతి నాకు గుర్తులేదు. వరండా అంతా నా వైపు తిరిగింది. అంద్రెయ మూడో పిలుపు ఆపేసి నోరు తెరిచి చూస్తున్నాడు. బసవమ్మ అప్పటికే గుమ్మం దాటింది.

టైమెంతయిందో నాకు తెలియదు. రాసుకోలేదు.